గజపతినగరంలో పొద్దున్నే లేవని డీజిల్ కారు

పాత కారు కొనడానికి ఊరు కాని ఊరు వెళ్లేవాళ్లకి పనికొస్తుందని ఇది రాస్తున్నాను. అరవైల చివర్లో, డిసెంబరు సెలవుల్లో మేము చేసిన ప్రయాణం ఇది. అప్పటికి నేను శ్రీకాకుళంలో ఎలిమెంటరీ స్కూలు టీచర్ని. మా ఆయన సింహాచలం నా మేనత్త కొడుకే, పెళ్లయ్యాక కూడా నాకు బావే. పన్నెండేళ్లుగా ఎవరి టాక్సీనో తోలుతూ, దాన్నే సొంతబండిలా తుడుచుకునే మనిషి. గజపతినగరంలో ఒక కంట్రాక్టరు దగ్గర జర్మనీ డీజిల్ కారు అమ్మకానికి ఉందని, ఒకప్పుడు ఏదో ఫ్యాక్టరీ మేనేజరు తిరిగిన బండి అని తెలిసింది. పెట్రోలు కంటే డీజిల్ చాలా చవక కాబట్టి టాక్సీకి గిట్టుతుందని బావ లెక్క. ధర తొమ్మిది వేలు. మాకున్నదల్లా మా నాన్న నా పేర రాసిన ఎకరన్నర పల్లం భూమి. అది అమ్మితే తప్ప కారు రాదు, కారు మొరాయిస్తే ఆ భూమి మళ్లీ రాదు. వారం రోజులు నాకు అన్నం సహించలేదు.

ఉదయం ఏడింటికి శ్రీకాకుళంలో బస్సెక్కితే విజయనగరం చేరేసరికి తొమ్మిదిన్నర దాటింది. టిక్కెట్టు మనిషికి రెండు రూపాయల చిల్లర. అక్కడి నుంచి గజపతినగరానికి రాయగడ వైపు వెళ్లే పాసింజరు రైలుంది గానీ, మేము ఇడ్లీలు తిని వెళ్లేసరికి అది వెళ్లిపోయింది. మళ్లీ బస్సే, ఇంకో గంట. బావ కిటికీ పక్కన కూర్చుని కొత్తపెళ్లికొడుకులా నవ్వుకుంటున్నాడు.

"ఇంజను పాడైతే సామాను మద్రాసు నుంచి రావాలంట కదా బావా" అన్నాను.

"వస్తాది. మద్రాసేటి సముద్రానికి అవతలుందా?" అన్నాడు.

కార్ల సంగతి నాకేమీ తెలియదు. తెలిసిందల్లా ఎడ్లు. మా నాన్న ఎడ్లు చూడటంలో దిట్ట. సంతకి వెళ్లేవాళ్లు ఆయన్ని బతిమాలి వెంటబెట్టుకుని పోయేవాళ్లు. పళ్లూ కొమ్ములూ అందరూ చూస్తారు, నడక కూడా చూస్తారు, కానీ రాత్రంతా పడుకున్న ఎద్దు పొద్దున్నే ఎలా లేస్తుందో చూడకుండా డబ్బు తీయకూడదని ఆయన పద్ధతి. కాళ్లలో దాచిన కుంటితనం లేచేటప్పుడే బయటపడుతుందట. అదొక్కటే పట్టుకుని నేను బయలుదేరాను.

కారు కంట్రాక్టరు గారి రైసు మిల్లు వెనక, ఏటవాలు బాటలో, ముక్కు పల్లంవైపు పెట్టి ఉంది. నల్లటి ఒళ్లు, లోపల తోలు సీట్లు. దాన్ని చూడగానే బావ చెప్పులు విడిచేశాడు. కంట్రాక్టరు గారి డ్రైవరు గురువులు, బావ కంటే పెద్దవాడు, తాళాలు తెచ్చాడు. బండి రెండడుగులు జారగానే ఇంజను అందుకుంది. రామభద్రపురం వైపు ఎనిమిది మైళ్లు వెళ్లి వచ్చాం. కారులో ఒకరి మాట ఒకరికి వినపడేంత నెమ్మదిగా, మిట్టలమీద కూడా రొప్పకుండా నడిచింది. స్టీరింగు మీద బావ చేతులు చూస్తే నాకు ఏడుపొచ్చింది. ఈ మనిషికి ఇది కొనివ్వాలని ఒక పక్క, నా భూమి పోతుందని ఇంకో పక్క.

దిగాక గురువులుని అడిగాను. "బండి ఈ వాలులోనే ఎందుకు పెట్టేరు?"

"నీడుంటాదనమ్మా" అన్నాడు. చుట్టుపక్కల నీడనేదే లేదు.

కంట్రాక్టరు గారితో, రాత్రికి కారుని సమంగా ఉన్న మిల్లు వాకిట్లో పెట్టించమన్నాను, పొద్దున్నే చూసి మాట చెబుతామన్నాను. ఆయన నవ్వి, "సరే పంతులమ్మ గారూ, మీరు సెప్పినట్టే" అని మాకు వసారా గది ఇప్పించారు. మర్యాదస్తుడు.

ఆరింటికి మంచు దట్టంగా ఉంది. గురువులు, ఇంజనుని ముందుగా వేడిచేసే హీటరు పిడి లాగి పట్టుకున్నాడు. స్టీరింగు పక్కనున్న చిన్న తీగచుట్ట ఎర్రబడాలట, అప్పుడు స్టార్టు చేయాలట. అది నల్లగానే ఉంది. స్టార్టు చేస్తే ఇంజను గుర్రుగుర్రుమంది, తెల్లటి పొగ కక్కింది, ఆగింది. అయిదుసార్లు అదే వరస. బావ బానెట్ ఎత్తి ఏదో తీగ వేలితో తడిమి చూశాడు. వేలు తుడుచుకుని మూసేశాడు. చివరికి మిల్లు కూలీలు నలుగురు వాలుదాకా తోస్తే అందుకుంది. అందుకున్నాక మళ్లీ నిన్నటి నెమ్మదే.

నా గుండె రాయి చేసుకుని, "వద్దండీ" అన్నాను కంట్రాక్టరు గారితో. బావ నావైపు చూశాడు. "అలాగే" అన్నాడు. తిరుగు ప్రయాణంలో శ్రీకాకుళం దాకా నిద్రపోయినట్టు కళ్లు మూసుకునే ఉన్నాడు. నేను మాత్రం పెద్ద గండం తప్పించానని లోపల పొంగిపోయాను.

రెండేళ్ల తర్వాత స్కూలు పనిమీద పాతపట్నం వెళ్లి, తిరిగి వచ్చేందుకు బస్సు దొరక్క టాక్సీ ఎక్కాను. అదే నల్ల కారు. ఆ తోలు సీట్లు చూసి గుర్తుపట్టాను. తోలుతున్నాయన దాని ఓనరే.

"ఇది పొద్దున్నే స్టార్టవదు కదా?" అన్నాను.

"ఎందుకవదమ్మా? నాలుగు హీటరు ప్లగ్గులు ఒకే తీగమీద ఉంటాయి. ఒకటి కాలిపోతే నాలుగూ సచ్చినట్టే. ఒక్క ప్లగ్గు మార్సేను, రెండేళ్లుగా పరిగెడతన్నాది. శ్రీకాకుళం స్టాండులో సింహాచలం అని ఉన్నాడు, ఆడే నన్ను గజపతినగరం పంపేడు. ప్లగ్గు ఒక్కటే పోయింది, కళ్లు మూసుకుని కొనీ అన్నాడు."

నేనెవరో చెప్పలేదు. "మరి ఆయనే కొనుక్కోకపోయాడా?" అన్నాను.

"అడిగేనమ్మా. భూమి మా ఆవిడిది, ఆవిడ భయపడినాక నేను మాట్లాడితే తగువవుతాది అన్నాడు."

ఆ రోజు ఇంటికొచ్చి బావని నిలదీశాను. "తెలిసి నోరెందుకు మెదపలేదు?"

అప్పటికి కూడా పొద్దుటి టాక్సీ బట్టల్లోనే ఉన్నాడు. "నువ్వు వద్దన్నావు గాని, ఏటంటావు బావా అని అడగలేదు కదే" అన్నాడు. కోపం లేదు. అదే నాకు ఎక్కువ బాధ కలిగించింది.

ఆ భూమి ఇప్పటికీ నా పేరే ఉంది, ఏటా ధాన్యం పంపుతోంది. బావ మరో తొమ్మిదేళ్లు ఎవరి టాక్సీనో తోలి మానేశాడు. ఎద్దు లేవకపోతే ఆ ఎద్దు పని అయిపోయినట్టే. కారు లేవకపోతే ఎందుకు లేవలేదో అడగాలని నాకు తెలియలేదు. తెలిసినవాడు పక్కనే నిలబడి ఉన్నాడు. పాత డీజిల్ కారు చూడ్డానికి వెళ్తే రాత్రి అక్కడే ఉండి, సమమైన నేలమీద పెట్టించి, పొద్దున్నే స్టార్టు చేయించండి. లేవకపోతే హీటరు ప్లగ్గులు విప్పించి చూసి, మీ వెంట వచ్చిన మనిషిని అడిగి, ఆ తర్వాతే వద్దనండి.