బీడీ గోడల పెంటర్ శంకర్రావు

ముంబయి కామాఠీపురా తొమ్మిదో గల్లీలో, వరస గదుల ఓ పాత చాల్‌లో, రెండో అంతస్తు చివరి గది శంకర్రావుది. గదుల ముందు పొడవునా సాగే చెక్క వరండాను అక్కడ అందరూ గ్యాలరీ అంటారు. పొద్దున ఆ గ్యాలరీలో స్టూలు వేసుకుని చాయ్ తాగుతూ కనిపించే డెబ్బై దాటిన మనిషి పేరేమిటని ఎవరినడిగినా "పెంటర్ మామ" అంటారు. ఆయన ముత్తాత పాలమూరు నుంచి రాళ్లు మోసే పనికి బొంబాయి వచ్చాడు. తాతా తండ్రీ కూడా కట్టడం పనుల్లోనే బతికారు. ఆ ఇంట్లో తాపీ వదిలి కుంచె పట్టినవాడు శంకర్రావు ఒక్కడే.

తెలుగు బడిలో ఏడో తరగతితో చదువు ఆపేసి, గ్రాంట్ రోడ్ దగ్గర సినిమా బ్యానర్లు గీసే కార్ఖానాలో చేరాడు. హీరోల ముఖాలు అక్కడి పెద్ద పెంటర్ ఉస్తాద్ గీసేవాడు. మెడలూ చెవులూ చొక్కా గుండీలూ శంకర్రావుకు వదిలేవాడు. అక్షరాలు మాత్రం మొదటి నుంచీ ఇతనివే. తెలుగు బడిలో చదివినా ఇతని చేతికి అబ్బినవి మరాఠీ అక్షరాలు. నిచ్చెన మీద నిలబడి, గీత కొట్టుకోకుండా, మనిషెత్తు అక్షరాన్ని ఒక్క ఊపులో దించేవాడు.

ఆ చెయ్యి చూసే ఒక బీడీ కంపెనీ ఏజెంటు అతన్ని పిలిపించుకున్నాడు. అప్పటి నుంచి శంకర్రావు బతుకంతా గోడల మీదే గడిచింది. రంగు డబ్బాలు, మడత నిచ్చెన సర్కారు ఎస్టీ బస్సు మీదికెక్కించి జిల్లాలు తిరిగేవాడు. బస్టాండు పక్క గోడ, సంత దారిలో గోడ, చెరకు ఫ్యాక్టరీ ఎదుటి గోడ, ఏది దొరికితే దానికి పసుపు పూత వేసి, ఎర్రటి అక్షరాలు రాసి, పక్కన బారెడు బీడీ గీసేవాడు. బీడీ కొసన నిప్పు కోసం నారింజ రంగులో చిటికెడు తెలుపు కలిపేవాడు. దాని మీంచి పొగ మెలికలు తిరిగి పైకి లేచేది. ఆ పొగ చూస్తే బస్సు దిగినవాడు ముందు అగ్గిపెట్టె వెతుక్కుంటాడని ఏజెంటు మురిసిపోయేవాడు. కూలితో పాటు బీడీ కట్టలు కూడా ఇచ్చేవాడు. శంకర్రావుకు బీడీ అలవాటైంది అలాగే.

పెళ్లయింది ధారావిలో పుట్టి పెరిగిన గంగాబాయితో. ఆమె ఆ ఒక్క గదిలోనే ఖానావళి నడిపేది. ఊరి నుంచి ఒంటరిగా వచ్చిన కూలీలు నేల మీద వరుసగా కూర్చుని రొట్టె, పప్పు తినిపోయేవారు. శంకర్రావు ఇంట్లో ఉన్న రోజుల్లో గ్యాలరీలోకి వెళ్లి బీడీ ముట్టించేవాడు. గంగాబాయి లోపలి నుంచి తలుపు దగ్గరికి వేసేది. అంతకు మించి ఒక్క మాట అనేది కాదు. ఆమెకు ఆ వాసన పడదని అతనికి తెలుసు. తలుపు వేసుకుంది కదా, సరిపోయిందనుకునేవాడు.

తర్వాత చట్టం వచ్చింది. బీడీ, సిగరెట్టు, గుట్కా, దేనికీ గోడల మీద ప్రచారం ఉండకూడదని ప్రభుత్వం తేల్చేసింది. ఏజెంటు ఒక పూట చాల్‌కు వచ్చి, చాయ్ తాగి, ఇక గోడలు లేవని చెప్పి వెళ్లిపోయాడు. శంకర్రావు గీసిన గోడల్లో చాలావాటికి ఎవరో సున్నం కొట్టేశారు. ఆ తర్వాత నాలుగేళ్లు అతను టాక్సీ నంబర్లు రాశాడు. నాగ్‌పాడాలో గ్యారేజీలకు బోర్డులు రాశాడు. నిచ్చెన గ్యాలరీ గోడకు ఆనించి ఉండేది. దాని మీద గంగాబాయి బట్టలు ఆరేసేది.

రెండు వేల ఎనిమిదిలో, గాంధీ జయంతి నుంచి, జనం మెసిలే చోట పొగ తాగకూడదన్న నిషేధం అమల్లోకి వచ్చింది. హోటళ్లు, ఆఫీసులు, సినిమా హాళ్లు, అన్నీ గుమ్మం దగ్గర బోర్డు పెట్టాలి. ఎర్రటి సున్నాలో సిగరెట్టు, దాని మీద అడ్డగీత, కింద "ఇక్కడ పొగ తాగడం నేరం" అన్న మాట. ఒక్కసారిగా ముంబయి అంతటికీ బోర్డులు కావలసి వచ్చాయి. శంకర్రావు గది ముందు రేకులు గుట్టలు పడ్డాయి. గ్యాలరీ పొడవునా బోర్డులు ఆరుతుంటే చాల్ జనం పక్కకి ఒత్తిగిలి నడిచేవారు. పగలంతా పొగ తాగొద్దని రాసేవాడు, నడుం నొప్పెట్టినప్పుడల్లా లేచి ఒక బీడీ తాగేవాడు. అందులో వింతేమీ అతనికి కనిపించలేదు.

ఆ వింత మొదట కనిపించింది ఒక ప్రభుత్వ ఆఫీసు మెట్ల దగ్గర. అక్కడ బోర్డు తగిలించి వెళ్దామనేసరికి వాన పట్టుకుంది. శంకర్రావు మెట్ల కింద నిలబడి బీడీ ముట్టించాడు. రెండు దమ్ములు లాగాడో లేదో, పైనుంచి ఒక అధికారి దిగివచ్చాడు.

"పైన బోర్డు కనిపించలేదా?" అన్నాడు మరాఠీలో.

"కనిపించింది సాహెబ్. రాసింది నేనే."

"అయితే చదవడం వచ్చినట్టే," అని ఆయన రసీదు పుస్తకం తీశాడు.

జరిమానా కట్టి ఇంటికి వచ్చి శంకర్రావు ఈ సంగతి చెప్తే, గంగాబాయి పిండి చేతులతోనే నోరు మూసుకుని నవ్వింది. సాయంత్రం భోజనానికి వచ్చిన కూలీలందరికీ చెప్పి మళ్లీ నవ్వింది. శంకర్రావుకు కూడా నవ్వొచ్చింది. ఆ రాత్రి చాల్‌లో అందరూ అతన్ని చదువుకున్నవాడా అని పిలిచారు.

ఆ తర్వాత కొన్నాళ్లకు, పక్క గల్లీలో ఇడ్లీ హోటలు నడిపే శివరాం గ్యాలరీలోకి వచ్చి నిలబడ్డాడు.

"అన్నా, నీ బోర్డు జర వాపస్ తీస్కపో."

"ఏమైంది? అక్షరం తప్పు పోయిందా?"

"అక్షరాలు మంచిగనే ఉన్నయ్. సిగరెట్టే మరీ మంచిగుంది. గిరాకీ ఇడ్లీ తింటడు, చెయ్యి కడుక్కుంటడు, బోర్డు దిక్కు జూస్తడు. జేబుల చెయ్యి వెట్టుకుని బయటికి పోతడు. చాయ్ తాగేటోడు ఒక్కడు లేడు. నా ధందా మునిగిపోతుంది."

శంకర్రావు నమ్మలేదు. మర్నాడు వెళ్లి హోటల్లో ఒక మూల బల్ల దగ్గర కూర్చున్నాడు. ఒక టాక్సీవాలా వడ తిన్నాడు, చెయ్యి కడుక్కున్నాడు, బోర్డు చూశాడు, జేబు తడుముకుంటూ బయటికి నడిచాడు. శివరాం గల్లా దగ్గర నుంచి కనుబొమలెగరేశాడు. శంకర్రావు మళ్లీ బోర్డు చూశాడు. తన గోడల మీది బీడీయే సిగరెట్టు వేషంలో ఉంది. కొసన అదే నారింజ నిప్పు, అవే పొగ మెలికలు. అడ్డగీత ఉందన్న మాటే గానీ కన్ను దాని మీద ఆగడం లేదు. అప్పుడు తన చెయ్యి కూడా జేబులోనే ఉందని చూసుకున్నాడు.

బోర్డు తెచ్చి, తుడిచి, మళ్లీ గీశాడు. నిప్పు తీసేస్తే సిగరెట్టు ఇంకా నాజూగ్గా కనిపించింది. పొగ తగ్గిస్తే దానికి ఎక్కడ లేని ఒయ్యారం వచ్చింది. ముప్పై ఏళ్లుగా అందంగా గీయడం నేర్చిన చేతికి బాగుండకుండా గీయడం చేతకాలేదు.

గంగాబాయి గడపలో కూర్చుని గోంగూర వలుస్తూ చూస్తోంది.

"పొద్దటి సంది గదే గీస్తున్నవ్, గదే తుడుస్తున్నవ్. ఏమైంది?"

"మంచిగ లేకుంట గియ్యాలె. వస్తలేదు."

"నన్నడుగు, నేను చెప్త."

"నీకేమెర్క?"

"రోజూ గ్యాలరీ ఊడ్సేది నేనే కద." గంగాబాయి ఆకు వలవడం ఆపలేదు. "నువ్వు గీసేది ముట్టిచ్చిన బీడీ. నాకు దొరికేది ఆర్పేసిన బీడీ. ఒక కొస నల్లగ మాడి ఉంటది, ఇంకో కొస ఎంగిలితోని నాని ఉంటది. వాన పడ్డదంటె చెక్కకు అతుక్కుపోతది. చీపురుకు రాదు, గోటితోని గీకాలె. సబ్బుతోని కడిగినా పోదు. పిండి పిసుకుతుంటె చేతికి గదే వాసన."

కోపంగా చెప్పలేదామె. కూరలో ఉప్పెంత వెయ్యాలో చెప్పినట్టు చెప్పింది. శంకర్రావు కుంచె డబ్బా అంచు మీద పెట్టాడు.

"ఇన్నేండ్ల సంది ఒక్క మాట అనలేదు గద నువ్వు."

"నువ్వు అడగలేదు గద."

ఆ మధ్యాహ్నం ఆమె చెప్పింది చెప్పినట్టు గీశాడు. నలిగిన పీక, నల్లటి కొస, పసుపు పచ్చటి తడి, చుట్టూ బూడిద. గంగాబాయి చూసి, పీకను ఇంకొంచెం నలిగినట్టు చెయ్యమంది. చేశాడు. బోర్డు పట్టుకెళ్లి శివరాంకు ఇచ్చాడు. రెండు రోజులకే శివరాం దాన్ని చంకలో పెట్టుకుని తిరిగొచ్చాడు.

"అన్నా, ఇది జూస్తె సిగరెట్టే గాదు, ఇడ్లీ గూడ తినబుద్ధయితలేదంటున్నరు గిరాకీలు."

శంకర్రావు చివరికి పనితనమేమీ చూపించకుండా, సర్కారు ఇచ్చిన నమూనా అచ్చుగుద్దినట్టు మూడో బోర్డు రాసిచ్చాడు. రెండో బోర్డును గంగాబాయి వదల్లేదు. గ్యాలరీలో తమ గది పక్కన మేకు కొట్టి తగిలించింది. దాని ముందు నిలబడి బీడీ తాగడానికి ఎవరికీ మనసొప్పలేదు. చాల్‌లో మగవాళ్లు గల్లీలోకి దిగి తాగడం మొదలుపెట్టారు. శంకర్రావూ దిగాల్సి వచ్చింది. రెండంతస్తుల నిటారు మెట్లు బీడీ కోసం దిగి, ఎక్కి, మళ్లీ దిగితే మోకాళ్లు ఊరుకోవు. కట్ట సగమైంది, సగం నాలుగైంది. ఒక వానాకాలంలో దగ్గు పట్టుకుని పది రోజులు మెట్లు దిగలేకపోయాడు. ఆ తర్వాత దిగాలనిపించలేదు. అయినా రెండు పెళ్లిళ్లలో తప్పాడు. అది గంగాబాయికి వాసన చెప్పేసింది. ఆమె ఏమీ అనకుండా తలుపు దగ్గరికి వేసింది. ఈసారి శంకర్రావు తలుపు తట్టి, ఇక తాగనని చెప్పి లోపలికి వచ్చాడు.

ఫ్లెక్సులూ స్టిక్కర్లూ వచ్చాక బోర్డుల పని తగ్గిపోయింది. గంగాబాయి కూడా ఖానావళి మానేసింది. కొడుకు ప్రతీక్ కొరియర్ కంపెనీలో చేస్తాడు. ఇల్లు నడుస్తోంది. శంకర్రావు కుంచెను బతుకమ్మ మండలి బోర్డులకూ, తలుపుల మీద పేర్లకూ మాత్రమే తీస్తున్నాడు.

పోయినేడాది దగ్గర్లోని బడి నుంచి రుతుజ అనే టీచరమ్మ వచ్చింది. బడి గేటుకు వంద గజాల లోపల పొగాకు అమ్మకూడదని రూలు ఉందనీ, ఆ హద్దు తెలిసేలా రోడ్డు మీద పసుపు గీత గీయాలనీ చెప్పింది. శంకర్రావు వెంటనే ఒప్పుకున్నాడు. మర్నాడు టేపు పట్టి కొలిస్తే, మొగులయ్య పాన్ బండి గీతకు లోపల పడింది.

మొగులయ్య మహబూబ్‌నగర్ నుంచి కట్టడం పనికి వచ్చి, పరంజా మీంచి జారి నడుం దెబ్బతిన్నాక ఆ బండి పెట్టుకున్నవాడు. శంకర్రావు సుద్దముక్కతో గుర్తు పెడుతుంటే వచ్చి పక్కనే గొంతుక్కూర్చున్నాడు.

"మామా, గీత జర బడి దిక్కు జరుపరాదే."

"గీత నాది గాదు మొగులయ్యా, సర్కారుది."

"గీసేటోనివి నువ్వే కద."

"బీడీ గీసి మస్తుమందికి తాపించిన. ఇప్పుడు ఈ ఒక్క గీతన్న సక్కగ గీయనీ."

శంకర్రావు గీత పూర్తి చేసి, చేతులు తుడుచుకుని, బండికి ఒక వైపు పట్టాడు. నడుం సరిగాలేని మొగులయ్య రెండో వైపు పట్టాడు. దారినపోయే ఇద్దరు వెనక నుంచి తోశారు. బండి గీత దాటి బస్‌స్టాపు మలుపులో ఆగింది. అక్కడ జనం ఎక్కువే. చాయ్ దుకాణం కూడా పక్కనే ఉంది. సాయంత్రానికి మొగులయ్య మొహం తేటపడింది. మరుసటి రోజు శంకర్రావు బండికి కొత్త రంగు వేసి, ముందు రేకు మీద రెండు పెద్ద తమలపాకులు గీశాడు. కింద పద్దెనిమిదేళ్ల లోపు వారికి పొగాకు అమ్మబడదని, రూలు ప్రకారం ఉండాల్సిన మాట కూడా ముద్దుగా రాశాడు. పైసా పుచ్చుకోలేదు. మొగులయ్య మీఠా పాన్ కట్టి గంగాబాయికి పంపాడు.

ఇప్పుడు బడి పిల్లలు పొద్దున గంట కొట్టకముందు ఆ పసుపు గీత మీద వరుసగా నిలబడి గేటు దాకా పరుగు పందెం పెట్టుకుంటున్నారు. వాళ్ల చెప్పులకూ బస్సు చక్రాలకూ రంగు అక్కడక్కడా లేచిపోయింది. దసరా సెలవుల్లో రెండో పూత వేయాలని శంకర్రావు అనుకుంటున్నాడు. వంగితే లేవడం కష్టమని ప్రతీక్ వద్దంటున్నాడు. డబ్బా తాను పట్టుకుంటానని గంగాబాయి అంది.