అక్క ఇద్దత్‌కు కూర్చోలేదు

పోలీసు చర్య జరిగిన రోజుల్లో, ఊళ్లల్లో మావాళ్ల ఇళ్ల మీద పడుతున్నారని విని, మా బావ వాళ్లమ్మను తీసుకొస్తానని బీదరు వైపు వెళ్లాడు. ఇద్దరూ రాలేదు. నాలుగేళ్లు చూశాక రాంగోపాల్‌పేటలోని మా ఇంట్లో పెద్దలు కూర్చుని, ఇక అక్క ఇద్దత్‌కు కూర్చోవాలన్నారు. భర్త పోయిన ఆడది గడప దాటకుండా గడిపే గడువది. అది ముగిస్తే బావ తమ్ముడితో నిఖా చేద్దామని వాళ్ల ఆలోచన. అక్క ససేమిరా అంది. ఆమెతో ఇంట్లో అందరం మాటలు తగ్గించేశాం.

నాన్న కార్ఖానా బస్తీలో ఒక గెస్టుహౌసులో వంట చేసేవాడు. అక్కడ దిగిన ఒక అమెరికా నల్లాయనను ఓ మధ్యాహ్నం మా ఇంటికి భోజనానికి పిలిచాడు. తన జాతి విముక్తి కోసం కొట్లాడి జైలుకు పోయొచ్చినవాడు. ఇంకా చిన్నపిల్లనే అయినా, మిషన్ బడిలో చదివానని, మాటలు మార్చి చెప్పడానికి నన్ను మధ్యలో కూర్చోబెట్టారు. నా ఇంగ్లీషు అంతంతమాత్రం.

తన చిన్నప్పుడు తెల్లవాళ్ల గుంపు తండ్రిని ఇంట్లోంచి లాక్కుపోయిందని, శవం లేకపోయినా అంత్యక్రియలు చేసేయమని సొంతవాళ్లే అన్నారని, తల్లి ఒప్పుకోలేదని ఆయన చెప్పాడు. నేను తెలుగులో చెప్పగానే పరదా వెనక వింటున్న అక్క దాన్ని పక్కకు నెట్టి బయటికొచ్చింది. నాన్న ముఖం మాడిపోయింది.

"మరి ఆమె ఏం జేసింది? అడుగు," అంది నాతో.

"వారం వారం ఠాణాకు పోయి, నా మనిషి ఏడని అడిగేది. చచ్చేదాకా అడిగింది," అని ఆయన జవాబు తిప్పి చెప్పాను.

"ఎవరన్న జవాబు చెప్పిన్రా?"

లేదన్నాడాయన. నాకు ఒళ్లు మండింది. ఇంత దూరం నుంచి వచ్చి చెప్పే కబురు ఇదా అనిపించింది.

మర్నాడే అక్క బురఖా వేసుకుని నన్ను ఠాణాకు లాక్కెళ్లింది. బయట బెంచీ మీద కూర్చోమన్నారు. సాయంత్రందాకా ఎవరూ పిలవలేదు. తర్వాత ప్రతి శనివారం అదే బెంచీ. బావ తమ్ముడికి వేరే సంబంధం కుదిరింది. అక్క జుట్టు అక్కడే నెరిసింది. పిచ్చి ఆశతో తనను తాను నాశనం చేసుకుంటోందని ఏడ్చేదాన్ని. ఆ నల్లాయనను లోపల్లోపల తిట్టుకునేదాన్ని.

చాలా ఏళ్లకు, కొత్తగా వచ్చిన హెడ్డు కానిస్టేబులు, జమేదారొకడు, జాలిపడి లోపలికి పిలిచాడు. రిజిస్టరు తెరిచాడు.

"ఇన్నేండ్లాయె గదమ్మా. సచ్చిపోయిండని రాస్కోనా?"

"సచ్చిపోయిండని రాయకు బిడ్డా," అంది అక్క. "సంపిన్రని రాయి. అందుకే వస్తున్న ఇన్నేండ్ల సంది."

అతను కలం కింద పెట్టి, వచ్చే వారం రమ్మన్నాడు.