కొండల దారి మూసేశారన్న కబురు

మంచు చూడాలన్న కోరిక ముందు నా స్నేహితురాలిదే. లక్డీకాపూల్‌లో మేమిద్దరం ఒకే ఆఫీసులో గుమాస్తాలం. నాన్న ఉద్యోగంతోపాటు గుంటూరు వైపు నుంచి వచ్చి నాంపల్లిలో అద్దెకున్న కుటుంబం మాది. తరతరాలుగా ఈ ఊళ్లోనే ఉన్న ఇల్లు తనది. మధ్యాహ్నం మా అమ్మ పంపిన గోంగూర తను ఊడ్చేసేది, వాళ్లింటి సర్వపిండి నేను లాక్కునేదాన్ని. ఒకసారి ఆబిడ్స్‌లో సినిమా చూసి బయటికొస్తూ, "వచ్చే చలికాలం కాశ్మీర్ పోదామే. మంచుల నడుద్దాం" అంది.

ఆ మాట పట్టుకుని ఏడాది గడిపాను. అమ్మను ఒప్పించాను. ఊలు కొని ఇద్దరికీ స్వెట్టర్లు అల్లాను. తనది కుంకుమరంగు. ఫిబ్రవరి చివర్లో వెళ్దామని సెలవు కూడా పెట్టాం.

మా ఇంట్లో రేడియో లేదు. వాళ్లన్న రోజూ ఢిల్లీ వార్తలు వినేవాడు. ఆఖర్న చెప్పే వాతావరణం సంగతి పొద్దున్నే తను మోసుకొచ్చేది. "ఇయ్యాల గూడ మంచు పడ్డదంట." మర్నాడు, "ఇంక తగ్గుతదంటున్నరు." ప్రయాణం దగ్గరపడ్డాక ఒకరోజు ముఖం వేలాడేసుకుని వచ్చింది.

"మన నసీబ్ మంచిగ లేదే. ఈ నెలంత మంచు ఆగదంట. కొండల దారి బంద్ చేసిన్రంట. బస్సులు గూడ పోతలేవు."

"పోనీ, మార్చి ఆఖర్న వెళ్దామా?"

"అప్పుడు మంచేడుంటది? వచ్చే ఏడు చూద్దాం. జర సబర్ చెయ్యి."

సెలవు రద్దు చేసుకున్నాను. బంధువుల పెళ్లి ఉందని తను మాత్రం ఉంచుకుంది. నాకు అనుమానం రాలేదు.

తర్వాతి వారం మా పిన్నిని విజయవాడ బండి ఎక్కించడానికి నాంపల్లి స్టేషనుకు వెళ్లాను. పక్క ప్లాట్‌ఫారం మీద ఢిల్లీ బండి. కిటికీ దగ్గర తను, ఒళ్లో ఆ కుంకుమరంగు స్వెట్టరు. ఎదురుగా వాళ్లన్న, వదిన. సంబరంగా దగ్గరికెళ్లి, "పెళ్లి ఢిల్లీలోనా?" అని అడిగాను.

"పెండ్లేంది? కాశ్మీర్ పోతున్నం" అంది వాళ్ల వదిన నవ్వుతూ. "మంచు తగ్గిందంట, దారి మంచిగున్నదంట."

తను గబగబా కిందికి దిగింది.

"అన్న వద్దన్నడే. ఆంధ్రోళ్ల పిల్లతోని పోవద్దు, నేనే తీస్కపోతా అన్నడు. ఊళ్లె లొల్లి చూస్తున్నవ్ గద. నీకెట్ల చెప్పాలె?"

ఆంధ్ర, తెలంగాణ అంటూ ఊరు అట్టుడుకుతున్న రోజులవి. అటువంటి మాటలు బస్సులోనూ విన్నాను, ఆఫీసులోనూ విన్నాను.

"ఆ మాటే చెప్పాల్సింది. నేను అర్థం చేసుకోనా? నువ్వు కబురు తెచ్చిన ప్రతిరోజూ ఆ మంచు ఆగాలని దేవుడికి దణ్ణం పెట్టుకున్నానే!"

తను ఏడ్చింది. స్వెట్టరు నా చేతిలో పెట్టబోయింది. "నువ్వే వేసుకో, అక్కడ చలి" అన్నాను. ప్రేమతో అన్న మాట కాదది. ఇంటికి తెస్తే రోజూ దాన్ని చూడాలి. గార్డు ఈల వేశాడు. వాళ్లన్న పిలుస్తుంటే తను ఎక్కేసింది.

తిరిగొచ్చి నా బల్ల మీద అక్రోట్ల పొట్లం పెట్టింది. అటెండరుకు ఇచ్చేశాను. ఆ తర్వాత మాట్లాడుకున్నాం, ఫైళ్ల గురించి. కొన్నాళ్లకు తనకు బదిలీ అయింది. వాళ్లన్న మీద నాకు కోపం నిలవలేదు. ఆయన నాకు అబద్ధం చెప్పలేదు. తన మీద కోపం కూడా పోయింది. కానీ ఇప్పటికీ ఎవరైనా "ఇక్కడ వానలు, ఇప్పుడు రాకండి" అంటే, ఇంకొకరిని అడిగి గానీ నమ్మను.