తిరిగొచ్చిన బతుకమ్మ

మా పెద్దమ్మ పోయింది. ఆస్పత్రిలో చేర్చాక మళ్ళీ ముఖం చూడనివ్వలేదు. కరోనా రోజులు కదా. రక్తసంబంధం కాదు, మగ్గాల పనికి మేం వలసొచ్చిన లింబాయత్‌లో మా పక్క గది. మగ్గాలకు కండెలు చుట్టేది, చుడుతూ గల్లీ మొత్తాన్నీ తిట్టేది. ఆ తిట్లు లేక గల్లీ బోసిపోయింది. ఇవాళ నా కూతురు ప్రాణాలతో ఉందంటే ఆమె వల్లే.

నిరుడు సద్దుల బతుకమ్మ నాడు మేం వెళ్ళే చెరువు గేటుకు కరోనా వల్ల తాళం వేశారు. గౌరమ్మను ఇంట్లో ఎట్లా ఉంచుకుంటామని ఆటో మాట్లాడుకుని హజీరా అవతల సముద్రానికి పోయాం. మావి చెరువుల ఊళ్ళు. నీళ్ళ మీద పెట్టి మెల్లగా తోస్తే బతుకమ్మ దానంతటదే సాగిపోతుందనే తెలుసు. ఒడ్డున విరిగే అలకు ఆ మర్యాద తెలియదు. నేను వదిలిన బతుకమ్మను తలకిందులు చేసి మా కాళ్ళ దగ్గరికే విసిరింది.

"అమ్మా, బతుకమ్మ వాపస్ ఆగయీ!" అని నా కూతురు దాన్ని పట్టుకోవడానికి ఉరికింది. వెనక్కి మళ్ళిన నీరు పిల్ల కాళ్ళ కింది ఇసుకను లాగేసింది. పడిపోయింది. వెనకాలే ఇంకో అల లేస్తోంది. నాకు అరుపు రాలేదు, కాళ్ళు కదలలేదు. నురగలో పిల్ల జడ ఒక్కటే కనిపించింది.

మోకాళ్ళ లోతులో ఉన్న పెద్దమ్మ ఆ జడను అందుకుంది. అల ఇద్దరి మీదా విరిగింది. నీళ్ళు తగ్గేసరికి ఆమె ఇసుకలో కూలబడి ఉంది, జడ మాత్రం వదల్లేదు.

పిల్ల దగ్గుతూనే మళ్ళీ బతుకమ్మ వైపు చెయ్యి చాచింది. పెద్దమ్మ దాని వీపు మీద ఒక్కటిచ్చింది.

"పోనియ్యే! పోయేదాని ఎంబడి ఉరుకుతారే?"

"అమ్మమ్మా, దర్ద్ అయితాంది!"

"కానియ్. ఏడ్వు. ఏడుస్తున్నవంటే బతికినట్టే."

తర్వాత ప్రసాదంగా తెచ్చిన సత్తుపిండి అలకు తడిసినా అందరికీ పంచింది. "జర ఉప్పెక్కువైంది, ఏమనుకోకుండ్రి" అంది. నవ్వుతూనే ఏడ్చాం.

మొన్న పెద్దమ్మ అస్థికలను ఆమె కొడుకు గోదావరికి తీసుకుపోయే వీలులేక అదే ఒడ్డుకు తెచ్చాడు. నీళ్ళలో కలిపి, పైన బంతిపూలు వదిలాడు. అల విరిగి పూలన్నీ మా వైపే తెచ్చింది. పిల్ల చెయ్యి గట్టిగా పట్టుకున్నాను. పిల్ల కదల్లేదు. నన్నే వెనక్కి లాగింది. పూల కోసం ముందుకు అడుగేసింది నేను.

"పోనియ్యే అమ్మా" అంది.

నా కాళ్ళ కింద ఇసుక జారుతూనే ఉంది.