వరుసలో పెదనాయన చెప్పు

మా పెదనాయన పోయారు. సబ్సిడీ శనక్కాయ విత్తనాలు ఇవ్వడానికి సరిగ్గా ముందురోజు, టీ గ్లాసు కింద పెట్టి, అలాగే గోడకు ఆనుకుని వెళ్లిపోయారు. పాడె కట్టేవేళ ఎవరో ఆయన చెప్పులేవని అడిగారు. ఇల్లంతా వెతికారు. అవి ఎక్కడున్నాయో నాకు తెలుసు. విత్తనాల కేంద్రం ముందు వరుసలో ఉన్నాయి.

మా పెనుకొండ వైపు విత్తనాలు వస్తున్నాయంటే మనుషులకంటే ముందు చెప్పులు నిలబడతాయి. మనిషి ఇంటికి పోయి సంగటి తిని వస్తాడు, చెప్పు అతని చోటు కాస్తుంది. ఒకసారి పెదనాయన ఎడమ చెప్పు వరుసలో వదిలేసి, కుడిదొక్కటే వేసుకుని డ్రిప్పు దరఖాస్తు పనిమీద హిందూపురం బస్సెక్కారు.

"ఏమప్పా, ఇంకో చెప్పు యాడ?" అన్నాడట కండక్టర్.

"అది డ్యూటీలో ఉండాది" అన్నారట ఈయన.

ఊళ్లో ఎవరికి స్ప్రేయర్ కావాలన్నా, టార్పాలిన్ కావాలన్నా ఆయనే దిక్కు. చంకలో ఖాళీ యూరియా సంచి, అందులో ఊరందరి జిరాక్సులు. "పాసుబుక్కు, ఆధారు, ఫోటో. అన్నీ రెండ్రెండు పెట్టుకో. అడిగిన పొద్దే నీకాడ ఉండవు" అనేవారు. ఇంత తెలిసిన మనిషి వేలిముద్ర మాత్రం మిషన్‌లో ఒక పట్టాన పడేది కాదు. "యాభై ఏండ్లు శనక్కాయలు ఒలిచిన యేళ్లప్పా, గీతలు యాడుంటాయి" అంటూ పంచెకు తుడిచి పెట్టేవారు, మళ్లీ తుడిచి పెట్టేవారు. వెనకున్నవాళ్లు విసుక్కునేవారు. నేనైతే తలకొట్టుకునేవాణ్ని.

మా నాయన పోయాక కూడా పొలం ఆయన పేరుమీదే ఉండిపోయింది. పోయినవాళ్ల పేరున విత్తనాలు ఇవ్వరు. రెండేళ్లు బయట ధరకు కొని నా నడుం విరిగింది. ఈ ఏడు సబ్సిడీ విత్తనం అందకపోతే చేను బీడు పెట్టాల్సిందే. "సబ్సిడీ అంటే అడుక్కునేది కాదురా, నీకు రావల్సిందే. కాకుంటే నువ్వు బతికుండావని కాయితం సూపించల్ల" అని నన్ను ఆఫీసుల చుట్టూ తిప్పి, నా పేరున పాసుబుక్కు చేయించింది పెదనాయనే. ఆ ఒక్క పనికే ఆయనకు జన్మంతా రుణపడి ఉంటాను.

పోయిన రోజు పొద్దున కూడా మా గుమ్మం ముందు ఉత్తకాళ్లతో నిలబడి, "రెండూ పెట్టొచ్చినా. ముందర ఎడమది నాది, ఎనక కుడిది నీది. కలిపెయ్యాకు" అని చెప్పి వెళ్లారు.

మైలలో ఉన్నవాణ్ని వరుసకు పోవచ్చా అని మర్నాడు తటపటాయించాను. పెదమ్మే కళ్లు తుడుచుకుని, "పోరా. పోకుంటే మీ పెదనాయన లేసొచ్చి తిడతాడు" అంది.

వెళ్లేసరికి వరుస సగం కదిలింది. వెనకవాళ్లు కాలి బొటనవేలితో ఆయన చెప్పులను ముందుకు జరుపుతూనే ఉన్నారు. కుడి చెప్పు వేసుకుని దాని చోట నిలబడ్డాను. కాసేపటికి ఎడమది మిషన్ ముందుకు చేరింది. లోపలున్న అమ్మాయి ఆ చెప్పును గుర్తుపట్టి పెదనాయన పేరు పిలిచింది. చెప్పు దాటి ముందుకు పోవడానికి నాకు కాలు రాలేదు.

నా వెనక, పెదనాయనతో ప్రతి ఏడూ గొడవపడే ముసలాయన ఉన్నాడు.

"ఉండనీ పాపా," అన్నాడా అమ్మాయితో. "ఆయప్ప యేలు పడేకి ఎప్పుడూ లేటే అయితాది. రోంతసేపు సూద్దాం."

ఎవరూ విసుక్కోలేదు. అందరం చూశాం.

తర్వాత నేను వేలు పెట్టాను. మొదటిసారికే పడింది. బస్తా బండిమీద వేసుకుని వెనక్కి తిరిగి చూస్తే, ఎడమ చెప్పు అక్కడే ఉంది. వరుస దాని దగ్గర కొంచెం వంగి, పక్కనుంచి సాగుతోంది.