దూడ మెడలో మువ్వలు

మా చెల్లెలి కొడుకు నీళ్ళ కుంటలో పడి చనిపోయిన సాయంత్రం, వాడి కాలి మువ్వలు దూడ మెడలో ఉన్నాయి. ఎన్ని రకాలుగా మొదలుపెట్టి చూసినా చివరికి నాకు ఈ వాక్యమే మిగులుతోంది.

చెల్లెల్ని ఇచ్చిన ఊరు పుంగనూరు దాటి చౌడేపల్లె వైపు వెళ్ళే దారిలో ఉంది. ఇంటి వెనక ఆవుల కొట్టం, కొట్టం వెనక టమోటా తోట, ఆ రెంటికీ మధ్య నీళ్ళ కుంట. నేను మదనపల్లెలో ఒక కాలేజీ లైబ్రరీలో పనిచేస్తాను. సెలవు దొరికితే బస్సెక్కి వాళ్ళింటికి పోయేదాన్ని. నాకు పిల్లలు లేరు. వాడికి పెద్దమ్మ అనడం పూర్తిగా రాక "పెద్దా" అని పిలిచేవాడు.

చెల్లెలు అజాగ్రత్త మనిషి కాదు. ఇది ముందే చెప్పాలి, ఎందుకంటే సంగతి విన్నవాళ్ళు మొదట అడిగేది "తల్లి ఏం చేస్తా ఉండింది?" అని. వాడు పాకడం మొదలుపెట్టినప్పటి నుంచి ఆ ఇంట్లో ఏడాది పొడవునా ఏదో ఒక కాపలా ఉండేది. చలికాలంలో బకెట్లో హీటరు పెడితే నీళ్ళు కాగేదాకా స్నానాల గదికి బయట గొళ్ళెం వేసేది. టమోటాకు కొట్టగా మిగిలిన పురుగుమందును కూల్‌డ్రింకు సీసాలో పోసి కిటికీలో పెట్టడం ఆ చుట్టుపక్కల చాలామందికి అలవాటు. ఒకసారి మొగుడు అట్లాగే పెడితే ఆయనతో మాటలు మానేసింది. ఆ తర్వాత మందు సీసాలన్నీ మోటరు గదిలో తాళం లోపలికి పోయాయి. వానలు పడితే కరెంటు స్తంభం దగ్గరికి, దీపావళి వస్తే పక్కింటి వాకిట్లోకి వాణ్ని పోనిచ్చేది కాదు. పాత బావి మీద ఇనుప జాలీ వేయించిందీ ఆమే.

కుంట గురించి మాత్రం ఎవరూ ఏమీ అనుకోలేదు. బావి అంటే మాకు చిన్నప్పటి నుంచీ భయం. ఏ ఊళ్ళో బావికైనా దాంట్లో పడినవాళ్ళ కథ ఒకటి ఉంటుంది. ఈ కుంటకు అప్పటికి కథ లేదు. కరెంటు ఉన్నంతసేపు బోరు నీళ్ళు అందులోకి తోడి పెట్టుకుని, తర్వాత తోటకు డ్రిప్పులో వదులుకోవడానికి కొత్తగా తవ్వించారు. నీళ్ళు ఇంకిపోకుండా అడుగున, గట్ల మీద నల్ల ప్లాస్టిక్ షీటు పరిచారు.

"అదేం లోతు వదినా, పెద్ద తొట్టి మాదిరి ఉండాదంతే" అన్నాడు చెల్లెలి మొగుడు, మా మరిది, నాకు చూపిస్తూ. నిజమే, ఆయనకు ఛాతీ దాకా వస్తుంది. ఆ షీటు మీద పాచి పడితే పెద్దవాళ్ళు కూడా ఎక్కి రాలేరని తర్వాత తెలిసింది.

మువ్వల సంగతి చెప్తాను. ఆ ఇంట్లో పనిచేసే చోటు నుంచి ఇంకో చోటు కనబడదు. కొట్టంలో కూర్చుంటే వాకిలి కనబడదు, వాకిట్లో ఉంటే పెరడు కనబడదు. అందుకని చెల్లెలు పాలు పిండుతూ, ఆవులకు కసువు వేస్తూ, వాణ్ని చెవులతో కాసేది. కుప్పంలో ఉండే మా అమ్మ వాడికి నిండుగా మువ్వలున్న వెండి పట్టీలు చేయించి తెచ్చింది. "ఇంగ పిల్లోడు యాడుండాడో సూడాల్సిన పన్లేదు, ఇంటే సాలు" అని తనే వాడి కాళ్ళకు పెట్టింది.

ఆ రోజు మధ్యాహ్నం చెల్లెలు తోటలో కాయలు కోయిస్తోంది. వాడు ఇంట్లో అవ్వ దగ్గర, అంటే చెల్లెలి అత్తగారి దగ్గర ఉన్నాడు. పట్టీ ఒరుసుకుని చీలమండ దగ్గర పుండైంది. ఆమె పట్టీలు విప్పి కొబ్బరినూనె రాసింది. ఆ తర్వాత జరిగింది ఆమే నాకు చెప్పింది.

"'దూడకెయ్యి అవ్వా, దూడకెయ్యి' అని ఒగటే గోలమ్మా. సరేలేప్పా అని తాడుకు గుచ్చి దాని మెడకు కట్నాను. 'ఇంగ ఇదే నా మనవడు, నువ్వు దూడవి, పో, కసువు తిను' అంటే ఎంత నగినాడో. పొట్ట పట్టుకోని నగినాడు."

కోడలు తోట నుంచి వచ్చింది. అవ్వ కాఫీ పెట్టడానికి లోపలికి పోయింది. మువ్వల మాట చెప్పలేదు. అందులో చెప్పడానికి ఏముందని అనిపిస్తుంది?

పాల వ్యాను వచ్చే వేళ దగ్గరపడింది. చెల్లెలు ఆవు దగ్గర కూర్చుంది. కొట్టం గోడ అవతల, దూడను కట్టేసిన చోట మువ్వలు మోగుతున్నాయి. "ఏం జేస్తాండావు నాయనా?" అంది. మువ్వలు మోగాయి. ఆమెకు అది జవాబే. ఆ ఆవు అయిపోయి ఇంకో ఆవు దగ్గరికి పోయింది. "దూడను కొట్టాకు" అంది. మళ్ళీ మోగాయి. పాలు క్యానులో పోసి, చేతులు కడుక్కుని, గోడ దాటి చూస్తే దూడ ఒక్కటే ఉంది. తల ఆడిస్తోంది. ఆడించినప్పుడల్లా మువ్వలు మోగుతున్నాయి.

"నేను దూడ కాళ్ళు సూసినానక్కా" అని నాతో అంది. "మువ్వలు ఉండాయి గదా, ఈడనే ఉండాడు గదా అని దాని కాళ్ళ మద్దెలో వెతికినాను."

కుంట గట్టు మీద ముందు చెంబు కనబడింది. వాడు దూడకు నీళ్ళు తేబోయాడు.

ఫోను వచ్చాక నేను బస్సులో పుంగనూరు చేరేసరికి వాణ్ని ఆసుపత్రిలో ఒక పక్కగా పడుకోబెట్టి ఉన్నారు. చెల్లెలు తడిచీరతో గోడకు ఆనుకుని కూర్చుంది. ఏడవడం లేదు. నన్ను చూసి, బస్సు ఆలస్యమైందా అని అడిగే గొంతుతో, "ఇనపడతానే ఉండె గదక్కా" అంది. కాసేపటికి మళ్ళీ అదే మాట. పక్కన కూర్చున్న ముసలామె, ఎవరో తెలియదు, "ఏమి ఇనపడతా ఉండెనమ్మా?" అని అడిగింది. నేను చెప్పాను. ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుని లేచి వెళ్ళిపోయింది.

మాది చర్చికి పోయే కుటుంబం. మరుసటి రోజు వాణ్ని చిన్న పెట్టెలో పెట్టారు. అవ్వ దూడ మెడలోంచి తీసిన పట్టీలు కడిగి తెచ్చి వాడి కాళ్ళకు పెట్టబోయింది. చెల్లెలు ఆమె చెయ్యి పట్టుకుంది.

"కాలికి పుండుండాదత్తా. ఎయ్యాకు."

అవ్వ అట్లాగే కూలబడింది. చుట్టాల్లో కొందరు ఆమెను అనరాని మాటలన్నారు. చెల్లెలు ఒక్క మాట అనలేదు. ఎవరైనా తన ముందు అంటే, "ఆమేం జేసింది? కాలు నొస్తాందని తీసింది" అనేది. పాస్టరుగారి భార్య ఓదార్చడానికి వచ్చి దేవుని చిత్తం అంది. చెల్లెలు, "కంచె లేదు పాస్టరమ్మా" అంది. "కంచె ఉండింటే దేవుని చిత్తం ఇంగోమాదిరి ఉండును."

తర్వాత ఆమెకు కూతురు పుట్టింది. పురుడు కుప్పంలో మా అమ్మ దగ్గరే. పసిబిడ్డ ఇంకా మెడ కూడా నిలపకముందే చెల్లెలు ఇంటి ముందున్న నీళ్ళ సంపు మూత మీద రుబ్బురోలు పెట్టించింది. నేను వెళ్తే అమ్మ గడపలోనే అందుకుంది. "మీ చెల్లెలు సేసిన పని సూడు. కడివెడు నీళ్ళు తోడాలంటే ఈదిలో మొగోళ్ళందరినీ పిలస్తాండా. వాళ్ళు నేను సత్తే మోసేదానికి బలం మిగల్దంటాండారు." చెల్లెలు నవ్వింది. వాడు పోయాక ఆమె నవ్వడం నేను అప్పుడే చూశాను. రోలు మాత్రం తీయనివ్వలేదు.

ఈలోపు మా మరిది కుంట చుట్టూ ఎత్తుగా కంచె కట్టాడు. కూలివాళ్ళను పిలవలేదు. కంచెకు నిలబెట్టే ప్రతి రాతికూసం తనే పాతి, తీగజాలీ తనే లాగి కట్టాడు. అరచేతులు చీరుకుపోయాయి. మోటరుకు పోవడానికి ఒక గేటు. పడినవాళ్ళు పట్టుకోవడానికి కుంటకు అడ్డంగా తాడు, తాడుకు ఖాళీ క్యాన్లు. పాప నడక నేర్చుకుంది. ఆమెకు పట్టీలు లేవు. మా అమ్మ ఆ మాటే ఎత్తలేదు.

మొన్న వానాకాలంలో నేను వెళ్ళాను. పాప వాకిట్లో నా కాళ్ళ దగ్గర గిన్నె మూతలతో ఆడుకుంటోంది. చెల్లెలు పాపను ఎత్తుకుని, "రాక్కా, కుంట సూసొద్దాము" అంది. రోజుకు ఎన్నిసార్లు చూస్తుందో ఆమెకే తెలియదు. నేనూ వెనకే నడిచాను.

గేటు బార్లా తెరిచి ఉంది.

మేమిద్దరం నిలబడిపోయాం. పాప ఆమె చంకలోనే ఉంది, ఆ నిమిషాన ఎవరికీ ఏమీ కాలేదు. నీళ్ళు గట్టు దాకా నిండి ఉన్నాయి.

తోటలోంచి మా మరిది వచ్చాడు, చేతిలో డ్రిప్పు పైపు ముక్క.

"ఎవురు తెరిసింది?" అంది చెల్లెలు.

"నేనే. మోటరేసి, ఆ సాల్లో పైపు పగిలిందంటే సూసొద్దామని..." గేటు వైపు చూశాడు. పైపు ముక్క కింద పెట్టాడు. "ఇప్పుడే గదా పొయ్యింది. ఇప్పుడే వస్తిని." ఆ తర్వాత నా వైపు తిరిగి, "నేనెట్ల మర్సినాను వదినా?" అన్నాడు. "నేను?"

లోకంలో ఎవరు మరిచినా ఈ మనిషి ఆ గేటు మరవడని నేను నమ్మాను. ఆయనా నమ్మాడు. ఆ సాయంత్రం కంటే ఈ తెరిచిన గేటే నన్ను ఎక్కువ భయపెట్టిందని రాస్తే తప్పుగా అనిపిస్తుంది, కానీ అది నిజం. ఆ రోజు మాకు తెలియదు. ఈ రోజు అన్నీ తెలుసు.

చెల్లెలు అరుస్తుందనుకున్నాను. అరవలేదు.

"మనుషులు మరుస్తారు" అంది. "పాత బావికాడ గిలక ఉండాది గదా, తీసుకురాపో."

ఆమె చెప్పినట్టే చేశాడు. గేటు పక్క కూసానికి గిలక బిగించి, దాని మీదుగా తాడు వేసి, ఒక కొస గేటుకు, ఇంకో కొస బరువైన రాయికి కట్టాడు. గేటు తోస్తే రాయి పైకి లేస్తుంది. వదిలేస్తే రాయి దిగుతూ గేటును లాక్కుంటుంది. గొళ్ళెం దానంతట అదే పడేటట్టు పైన, పాపకు అందని ఎత్తున పెట్టారు. చీకటిపడేదాకా తెరిచి వదలడం, తెరిచి వదలడం. ప్రతిసారీ ఠప్పని మూసుకుంది.

మరుసటి రోజు పొద్దున మేము వాకిట్లో కూర్చుని ఉన్నాం. పాప చెల్లెలి ఒళ్ళో ఉంది. మా మరిది మోటరు వేయడానికి వెళ్ళాడు. కాసేపటికి వెనక నుంచి ఠప్పని గేటు పడిన చప్పుడు స్పష్టంగా వినబడింది.

చెల్లెలు పాపను నా ఒళ్ళో పెట్టి, లేచి, కొట్టం దాటి వెళ్ళి చూసి వచ్చింది.