విమానం చక్రం కోసం కరిగిన కంచు తలెలు

నిన్న పొద్దున అయిజ నుంచి చిన్నాన్న ఫోన్.

"తాత లేస్తలేడు బిడ్డా" అన్నాడు. ఆ తర్వాత ఇంకేం చెప్పాడో నాకు గుర్తు లేదు.

నూరేళ్లకు దగ్గరపడ్డ మనిషి పోతే షాక్ ఏంటని అడగొద్దు. పోయిన వారమే ఫోన్‌లో మాట్లాడుతూ, "నీ ఇంట్ల ఫ్యాన్ బేరింగ్ పోయింది, ఆ చప్పుడు ఇంటలేవా?" అని నన్ను తిట్టాడు. ఆ గొంతు ఇక లేదంటే ఎలా నమ్మాలి?

మా సాయన్న తాత అంటే మీలో చాలామందికి నాగలి కర్రులు, కొడవళ్లు చేసే కమ్మరి. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో, నిజాం కాలంలో, ఆయన బెంగళూరు వైపు విమానాలు రిపేర్ చేసే వర్క్‌షాప్‌లో పని చేశాడని తెలిసినవాళ్లు తక్కువ.

అక్కడ ఆయన పని వార్మ్ గేర్లు. విమానం రెక్కల వెనక అంచున ఉండే పలకల్ని, అంటే ఫ్లాప్స్‌ని, దించి లేపేవి. మరలు కోసిన స్టీల్ కడ్డీ ఒకటి, దాని మరల్లో పళ్లు పెట్టి తిరిగే చక్రం ఒకటి.

కడ్డీకి మెత్తటి స్టీల్ తీసుకునేవారు. బొగ్గుపొడి నింపిన ఇనుప పెట్టెలో పెట్టి, గంటలకొద్దీ కొలిమిలో కాల్చి, నూనెలో ముంచేవారు. పైపొర రాయిలా అవుతుంది, లోపల మాత్రం విరగకుండా మెత్తగానే ఉంటుంది. తాతకు ఇది ఇట్టే పట్టుబడింది. కొలిమి పక్కన పుట్టినవాడు కదా.

చక్రం కూడా స్టీల్‌దే అయితే కుదరదు. రెండూ ఒరుసుకుని, వేడెక్కి, కరుచుకుపోతాయి. అందుకే చక్రాన్ని కంచుతో పోసేవారు.

యుద్ధంలో ఒకసారి ఆ కంచు రావడం ఆగిపోయింది. ఒక విమానం ఆ గేర్ చక్రం కోసం ఎదురుచూస్తోంది. ఇన్‌చార్జి తల పట్టుకుని కూర్చుంటే మా తాత, "మా ఇంట్ల ఉన్నది సార్, నేను తెస్త" అన్నాడట.

మా ఇంటి మగవాళ్లకు నోరు ముందు, బుద్ధి తర్వాత.

వాళ్లమ్మకు, అంటే మా ముత్తవ్వకు, తెలకపల్లి పుట్టింటివాళ్లు పెట్టిన కంచు తలెలు ఉండేవి. అందరూ అన్నం తినేది వాటిలోనే. తాత ఊరికొచ్చి అడగ్గానే ఆమె వాటిని చింతపండుతో తోమి, పాత చీరలో మూటగట్టింది.

"కరగబెట్టేటియి తోముడెందుకే అమ్మా?"

"ఇమానంల పైకి పోతయ్ గద. మురికితోని పోతయా?"

చక్రం పోశారు. పళ్లు కోశారు. తాత ఆకురాయితో పళ్లు సాఫు చేస్తుంటే అది గుడిగంటలా ఖంగుమంది.

ఆ చప్పుడుతో ఆయనకు తప్పు అర్థమైంది.

మన ఇళ్లలో వాడే కంచులో తగరం ఎక్కువ. బాగా మోగుతుంది, కానీ గట్టి దెబ్బ తగిలితే పగులుతుంది. గేర్లకు వాడేదాంట్లో తగరం తక్కువ, అది బరువును ఓర్చుకుంటుంది. కంచు అంటే కంచే అనుకుని తెచ్చేశాడు, పాపం.

దిగేటప్పుడు ఒక రెక్క ఫ్లాప్ పడి రెండోది పడకపోతే విమానం తిరగబడుతుంది. పైగా ఆ వర్క్‌షాప్‌లో ఒక పద్ధతి. గేర్ చేసినవాడే మొదటి టెస్ట్ ఫ్లైట్‌లో పైలట్ వెనక కూర్చోవాలి. మర్నాడు ఎక్కాల్సింది తాతే.

ఇన్‌చార్జి "టైం లేదు, బిగించెయ్" అన్నాడు. బిగించేస్తే ఉద్యోగం ఉంటుంది, పరువు ఉంటుంది, అమ్మ తలెలు వృథా కావు. ఏమో, చక్రం నిలిచినా నిలవచ్చు.

తాత బిగించలేదు.

"జర ఆగుండ్రి సార్. ముందుగాల బల్ల మీద బరువు పెట్టి తిప్పుదం. ఇరిగితే ఈడనే ఇరగని."

తిప్పారు. పళ్లు పటపటా రాలిపోయాయి.

విమానం ఆలస్యమైందని ఆయన్ని పనిలోంచి తీసేశారు. ఇంటికొచ్చి, మొహం చెల్లక గడప బయటే నిలబడ్డాడు. ముత్తవ్వ అంతా విని ఒక్కటే అడిగింది.

"ఇమానం పడ్డదా?"

"లేదే. బల్ల మీదనే ఇరిగినయ్."

"మరేంది? నా తలెలు మంచిగనే పని జేసినయ్. కాళ్లు కడుక్కో, అన్నం తిందువు."

ఆ పూట ఇద్దరూ మోదుగాకుల విస్తళ్లలో తిన్నారు. తాత ఎప్పుడు చెప్పినా ఇక్కడికొచ్చేసరికి కండువాతో కళ్లు తుడుచుకునేవాడు. ఉద్యోగం పోయినందుకు మాత్రం ఒక్కసారి కూడా బాధపడగా చూడలేదు.

ఆ పైలట్ ఒక కుర్ర దొర అట. పేరు తాతకు నోరు తిరిగేది కాదు. వాళ్ల మనవలు ఎక్కడో చల్లగానే ఉండి ఉంటారు. ఈ పోస్ట్ వాళ్లకు చేరదు.

తాత చేసిన మేలు మాత్రం మాకూ చేరింది. ఎందుకంటే ఆ విమానంలో రెండో సీటు మా తాతది. ఆ రోజు పరువు కోసం బిగించేసి ఉంటే మా నాన్న లేడు, చిన్నాన్న లేడు, ఏడుస్తూ ఇది టైప్ చేస్తున్న నేనూ లేను.

పోయిరా తాతా. నీ ప్రాణానికి నెమ్మది దొరకాలి.